తీగ లాగితే బీల కదిలింది

ఉత్తరాంధ్రలో తడి నేలకు ఎన్ని పేర్లున్నాయో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. కొండ దిగి వచ్చే వాగు గెడ్డ. కొండల నడుమ పల్లం లోవ. నీళ్ళు నిలిచే పెద్ద మడుగు ఆవ. సోంపేట వైపు వెళితే బీల, తంపర. సముద్రపు పోటు ఎక్కివచ్చే చోట ఉప్పుటేరు. జనం ఇన్ని పేర్లు పెట్టి పిలుచుకునే నేలను రెవెన్యూ రికార్డు తరచూ రెండే మాటలతో తేల్చేస్తుంది: బంజరు, పోరంబోకు.

కృత్రిమ మేధ (ఏఐ) గురించి రాయబోతూ ఈ పాత మాటలు తవ్వడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ కేంద్రం, అంటే భారీ డేటా సెంటర్, కడతామని ఢిల్లీలో ప్రకటించింది. అదానీ కానెక్స్, ఎయిర్‌టెల్ అందులో భాగస్వాములు. సామర్థ్యం ఒక గిగావాట్ స్థాయిలో ఉంటుందన్నారు. అనుకున్న చోట్లు మూడు: తర్లువాడ, అడవివరం-ముడసర్లోవ, రాంబిల్లి. ముడసర్లోవ పేరులోనే లోవ ఉంది, పక్కనే నగరానికి తాగునీరిచ్చే పాత జలాశయం ఉంది. రాంబిల్లి పక్క మండలం అచ్యుతాపురంలో కొండకర్ల ఆవ ఉంది. కొల్లేరు తర్వాత మన రాష్ట్రంలో చెప్పుకోదగ్గ సహజమైన మంచినీటి సరస్సు అదే. పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అన్న చర్చ రోజూ వింటున్నాం. నీరు ఎంత, ఎక్కడిది అన్న ప్రశ్న మాత్రం కొద్దిమందే వేస్తున్నారు. మాజీ కేంద్ర కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ, మానవ హక్కుల వేదిక వాళ్ళు ఆ కొద్దిమందిలో ఉన్నారు.

ప్రపంచమంతా ఈ ప్రశ్నను చుక్కల్లో కొలవడం అలవాటు చేసుకుంది. ఏఐని ఒక ప్రశ్న అడిగితే ఎన్ని నీళ్ళు ఖర్చవుతాయి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ఆచార్యుడు షావోలే రెన్ బృందం 2023లో ఒక అంచనా వేసింది. జీపీటీ-3తో 20 నుంచి 50 దాకా ప్రశ్నోత్తరాలు సాగితే దాదాపు అర లీటరు పోతుందని దాని సారాంశం. 2025 ఆగస్టులో గూగుల్ తన జెమినీ లెక్క బయటపెట్టింది: మామూలు ప్రశ్నకు 0.26 మిల్లీలీటర్లు, అంటే అయిదు చుక్కలు. ఒకరు ఇరవై, యాభై ప్రశ్నలకు అర లీటరు అంటే ఇంకొకరు ఒక్కో ప్రశ్నకు అయిదు చుక్కలే అంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఒకరు కరెంటు తయారయ్యే చోట ఖర్చయ్యే నీటిని కూడా కలిపారు, ఇంకొకరు డేటా సెంటర్ గోడ లోపలి నీటితో ఆపారు. పైగా మధ్యలో యంత్రాలూ మెరుగయ్యాయి. పత్రికలకు ఈ తగవు బాగుంటుంది. చిత్తడి నేలకు మాత్రం దీనితో పని లేదు. ఎందుకంటే ఏ కొంగా సగటు ప్రశ్నకు అయ్యే నీటిలో వేటాడదు. ఫలానా మే నెలలో, ఫలానా ఆవ అంచున, మోకాలి లోతు నీళ్ళున్నాయా లేవా అన్నదే దాని బతుకు.

ఇది కాస్త విప్పి చెప్పాలి. చిత్తడి నేల అంటే నీళ్ళున్న చోటు అని తేలిగ్గా అనుకుంటాం. అసలు సంగతి నీటి మట్టం ఏడాది పొడవునా ఎలా ఎక్కి దిగుతుందన్నది. వానకాలంలో పొంగి, చలికాలంలో నిలిచి, ఎండాకాలంలో అంచులు బయటపడి, మళ్ళీ తడిసే ఆ లయ మీదే తుంగ, చేప గుడ్లు, కప్పలు, వలస పక్షులు, పక్క ఊరి బావులు ఆధారపడతాయి. నడిమధ్య లోతు అలాగే ఉన్నా, భూగర్భ జలం ఒక అడుగు దిగితే అంచులు ఎండిపోతాయి. జీవం ఎక్కువగా ఉండేది ఆ అంచుల్లోనే. డేటా సెంటర్‌కి దాహం ఎప్పుడు పెరుగుతుంది? బయట ఎండ మండినప్పుడు. చెరువులూ ఆవలూ అడుగంటే నెలల్లోనే దాని శీతల యంత్రాలు గట్టిగా తిరుగుతాయి. ఏడాది సగటు చూపించి ‘నగర వాడకంలో ఇది ఎంతలే’ అనేవాళ్ళు ఈ ఒక్క సంగతి దాటేస్తారు.

యంత్రం పనితీరు కూడా చూద్దాం. సర్వర్ మింగిన కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని నీటి ఆవిరితో వదిలించుకోవాలంటే ఒక యూనిట్‌కి సుమారు లీటరున్నర నీరు ఆవిరి కావాలి. ఇది భౌతిక శాస్త్రం, ఏ కంపెనీ మార్చలేదు. ఒక గిగావాట్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు. ఆ వేడి మొత్తం ఆవిరితోనే పోవాలనుకుంటే రోజుకు మూడున్నర కోట్ల లీటర్లకు పైమాటే. ఆవిరైపోయే కొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది. అది గొట్టాలను తినేయకుండా, నాచు పట్టకుండా రసాయనాలు కలుపుతారు. కొన్ని చుట్ల తర్వాత ఆ నీటిని పారబోయక తప్పదు. అది శుద్ధి కాకుండా గెడ్డలోకి వెళితే మంచినీటి ఆవలో ఉప్పు పెరుగుతుంది, వేడిగా వెళితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది.

‘మా దగ్గర నీళ్ళు మూసిన గొట్టాల్లో తిరుగుతాయి, ఖర్చే ఉండదు’ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. చిప్‌ల మీదుగా ద్రవం పారించే కొత్త పద్ధతిలో అది సగం నిజం. గొట్టంలోని ద్రవం తరగదు, సరే. అది మోసుకొచ్చిన వేడిని మాత్రం బయట ఎక్కడో దించాలి. నీటితో దించితే ఆవిరి, గాలితో దించితే అదనపు కరెంటు. మూడో దారి సముద్రం. ఫిన్లాండ్‌లోని హమినాలో గూగుల్ పాత కాగితపు మిల్లు కొని 2011 నుంచి సముద్రపు నీటితో చల్లబరుస్తోంది, తిరిగి వదిలే ముందు వేడి తగ్గిస్తోంది. చల్లని ఫిన్లాండ్ సింధుశాఖలో నడిచిన పద్ధతి బంగాళాఖాతపు గోరువెచ్చని నీటిలో అంత తేలిగ్గా నడుస్తుందనుకోను. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి పద్ధతి కూడా ఎడారిలో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయదు. అంటే చివరికి బరువు పడేది కరెంటు మీద.

కరెంటు సంగతికి తర్వాత వద్దాం. నీటి తగవు నేల మీద ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు చిలీ అనుభవం చూడాలి. రాజధాని శాంటియాగోకు ఉత్తరపు అంచున క్విలికూరా అనే శివారు ఉంది. అక్కడ పాతకాలపు చిత్తడి నేల ఉంది. గూగుల్ లాటిన్ అమెరికాలో తన మొదటి డేటా సెంటర్‌ని 2015లో అక్కడే తెరిచింది. తర్వాత ఇతర కంపెనీలూ అటే వచ్చాయి. మధ్య చిలీని 2010 నుంచి వదలకుండా కరవు పట్టుకుంది. చిత్తడి నేల ఎండిపోతోందని క్విలికూరా జనం ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. అందులో కరవు వాటా ఎంత, ఇళ్ళ స్థలాల వాటా ఎంత, సర్వర్ల వాటా ఎంత అని తేల్చడం కష్టం. ఆ కష్టం వాదనకు అడ్డం కాదు, వాదనే అది. అప్పటికే ఊపిరాడని నేల మీద ఇంకో గొట్టం దించడానికి ఎవరు ఒప్పుకున్నారు అని వాళ్ళు అడుగుతున్నారు.

అదే నగరంలో సెర్రిల్లోస్ అనే చోట గూగుల్ రెండో కేంద్రం కడతానంది. సెకనుకు 169 లీటర్ల భూగర్భ జలం వాడే ప్రణాళికకు 2020లో అనుమతి వచ్చింది. మోసాకాట్ అనే స్థానిక సంఘం ఇంటింటికీ తిరిగి జనాన్ని కూడగట్టింది. 2024 ఫిబ్రవరిలో పర్యావరణ న్యాయస్థానం ఆ అనుమతిని పాక్షికంగా వెనక్కి తిప్పింది. వాతావరణ మార్పు వల్ల భూగర్భ జలానికి ఏమవుతుందో చూడకుండా అనుమతి ఎలా ఇచ్చారన్నది దాని ప్రశ్న. ఆ సెప్టెంబర్‌లో కంపెనీ మళ్ళీ మొదటి నుంచి, గాలితో చల్లబరిచే పద్ధతిలో రూపకల్పన చేస్తామని చెప్పింది. ఉరుగ్వేలోనూ ఇలాగే అయింది. 2023 కరవులో మాంటెవిడియో కుళాయిల్లో ఉప్పునీరు వస్తున్న రోజుల్లో, రోజుకు 76 లక్షల లీటర్లు తాగే గూగుల్ డేటా సెంటర్ ప్రణాళిక బయటపడి జనం వీధుల్లోకి వచ్చారు. ఆ ప్రణాళికా మారింది. రెండు చోట్లా కంపెనీ తెలివి తనంతట తాను పెరగలేదు, జనం అడిగితే పెరిగింది.

చిలీ దగ్గర మనం నేర్చుకోదగ్గది ఇంకొకటి ఉంది. 2020 జనవరిలో వాళ్ళు పట్టణ చిత్తడి నేలల కోసం విడిగా ఒక చట్టం చేసుకున్నారు. మున్సిపాలిటీ అడిగితే ఊరి మధ్య మడుగుకు కూడా రక్షణ వస్తుంది. మన దగ్గర మున్సిపాలిటీ తలచుకుంటే ఆ మడుగులో షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుంది.

ఇక కరెంటు. నా దృష్టిలో అసలు సమీక్ష మొదలవ్వాల్సింది ఇక్కడే. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక ఇచ్చింది. 2023లో ఆ దేశపు డేటా సెంటర్లు నేరుగా వాడుకున్న నీరు దాదాపు 6,600 కోట్ల లీటర్లు. వాటికి కావలసిన కరెంటు తయారీలో పోయిన నీరు సుమారు 80,000 కోట్ల లీటర్లు. అంటే పైపు ద్వారా వచ్చిన ఒక్కో లీటరుకు తీగ ద్వారా పన్నెండు లీటర్లు వచ్చాయి. ఆ ఏడాది దేశపు కరెంటులో 4.4 శాతం డేటా సెంటర్లే వాడుకున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2030కి ప్రపంచ డేటా సెంటర్ల వాడకం 945 టెరావాట్ అవర్లకు చేరుతుంది. ఇవాళ జపాన్ దేశమంతా వాడే కరెంటు కంటే అది కాస్త ఎక్కువే.

ఈ తీగ పట్టుకుని వెళితే లూసియానా వస్తుంది. మెటా సంస్థ అక్కడ రిచ్‌లాండ్ పారిష్‌లో ‘హైపీరియన్’ పేరుతో భారీ కేంద్రం కడుతోంది. దాని కోసమని మూడు గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు 2025 ఆగస్టులో అనుమతి వచ్చింది. కేంద్రం ఉన్నది రాష్ట్రానికి ఉత్తరాన, పొలాల మధ్య. తీరపు చిత్తడి ఉన్నది దక్షిణాన. అయినా రెంటికీ పాత బంధుత్వం ఉంది. 1932 నుంచి 2016 దాకా ఆ తీరం 4,833 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రానికి పోగొట్టుకుందని అమెరికా భూగర్భ సర్వే లెక్క. మిసిసిపీ గట్లు ఒక కారణం, చమురు, గ్యాస్ కోసం చిత్తడిలో తవ్విన వేల మైళ్ళ కాలువలు ఇంకో కారణం. గ్యాస్ గిరాకీ పెరిగిన ప్రతిసారీ ఆ తీరం వణుకుతుంది.

గాలిమరల కరెంటు అయితే పాపం అంటదా? ఐర్లండ్‌ని అడగాలి. 2023లో ఆ దేశపు మీటరు కరెంటులో 21 శాతం డేటా సెంటర్లే వాడాయి, పట్టణాల ఇళ్ళన్నీ కలిపి వాడినదానికంటే ఎక్కువ. ఆ దేశంలో కుళ్ళిన మొక్కలతో వేల ఏళ్ళుగా పేరుకున్న పీట్ నేలలున్నాయి. అవి నీటిలో మునిగి ఉన్నంతసేపే కర్బనాన్ని పట్టి ఉంచుతాయి. 2003 అక్టోబర్‌లో డెరీబ్రియన్ కొండ మీద గాలిమరలు పాతుతుంటే పీట్ నేల జారిపోయి వాగుల్లో పడింది, చేపలు కుప్పలుగా చచ్చాయి. సరైన సమీక్ష చేయనందుకు 2019లో యూరప్ న్యాయస్థానం ఐర్లండ్‌కి 50 లక్షల యూరోల జరిమానా వేసింది. అది డేటా సెంటర్ల కోసం కట్టినది కాదు. అయితే డేటా సెంటర్ల కోసం రేపు కట్టబోయే పచ్చ కరెంటు ఏ నేల మీద దిగుతుందో అడగడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

ఇంత దూరం వెళ్ళొచ్చాక మన ఊరి తీగ లాగుదాం. 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. గొడవ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం గురించి. అది కట్టాలనుకున్నది బీలలో. కాగితాల మీద అది పనికిరాని నేల. అక్కడి వాళ్ళకు అదే చేపలు, వరి, గడ్డి, ఎండాకాలపు నీరు. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతిని రద్దు చేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. అక్కడా బొగ్గు విద్యుత్ కేంద్రమే, అక్కడా నౌపడ చిత్తడే. గూడ బాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టుకునే తేలినీలాపురం అక్కడికి దగ్గరే. అప్పట్లో ఆ కరెంటు ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు ‘పరిశ్రమలకు’ అని వచ్చేది. ఇప్పుడు ఒకే ఒక్క కొనుగోలుదారు గిగావాట్ అడుగుతున్నాడు.

మన దేశంలో బొగ్గు కేంద్రాలు ఒక యూనిట్‌కి మూడున్నర లీటర్లకు మించి నీరు వాడకూడదని 2015 డిసెంబర్‌లో నిబంధన పెట్టారు. గిగావాట్ కేంద్రానికి కావలసిన కరెంటంతా అలాంటి మంచినీటి బొగ్గు కేంద్రం నుంచే వస్తుందనుకుంటే, నిబంధన ప్రకారమే రోజుకు 8.4 కోట్ల లీటర్ల దాకా పోవచ్చు. బూడిద చెరువులు అదనం. నిజానికి అంతా బొగ్గు నుంచే రాదు, సౌర విద్యుత్తు ఉంటుంది, పరవాడ సింహాద్రి కేంద్రంలా సముద్రపు నీరు వాడేవీ ఉంటాయి. కానీ సర్వర్ రాత్రి నిద్రపోదు, సూర్యుడు నిద్రపోతాడు. ఆ రాత్రి కరెంటు ఎక్కడిదో చెప్పకుండా ‘పచ్చ కేంద్రం’ అని బోర్డు పెట్టుకోవడం సబబు కాదు.

ఎదుటి వాదనకూ న్యాయం చేయాలి. కొల్లేరును పాడుచేసింది సర్వర్లు కావు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కించిన సరస్సును చేపల చెరువులు మింగాయి. 2006లో గట్లు కొట్టేసినా మళ్ళీ లేచాయి. వ్యవసాయం ముందు డేటా సెంటర్ల నీటి వాడకం దేశం లెక్కలో చిన్నదే, నిజం. రామ్‌సార్ ఒప్పందపు 2025 నివేదిక 1970 నుంచి ప్రపంచ చిత్తడి నేలల్లో 22 శాతం పోయాయంటోంది. అందులో చాలావరకు ఏఐ పుట్టకముందే పోయాయి. ఈ వాదన ఎక్కడ జారిపోతుందంటే, పోయింది పోగా మిగిలినవి ఇప్పుడు ఎంత సన్నని దారం మీద ఉన్నాయో చూడకపోవడంలో.

కంపెనీలు ఇచ్చే ఇంకో హామీ ‘నీటి భర్తీ’. 2030 నాటికి వాడినదానికంటే ఎక్కువ నీరు తిరిగి ఇస్తామని మైక్రోసాఫ్ట్, మెటా చెప్పాయి. గూగుల్ 120 శాతం ఇస్తామంది. ఇది చెక్కు రాసి ఇచ్చే మాట. కర్బనాన్ని ఎక్కడ తగ్గించినా గాలి ఒకటే కాబట్టి ఆ లెక్క కొంత చెల్లుతుంది. నీటికి చెల్లదు. కొండకర్ల ఆవలో తీసిన నీటికి బదులు రాయలసీమలో చెరువు పూడిక తీస్తే రాయలసీమకు మేలే, ఆవకు ఏం ఒరిగింది? నగర మురుగునీటిని శుద్ధి చేసి శీతలీకరణకు వాడటం వీటన్నిటిలోకెల్లా మెరుగైన దారి, నేను దానికే ఓటేస్తాను. ఒక్క జాగ్రత్త: శుద్ధి చేసిన నీటి మీదే బతుకుతున్న గెడ్డలు మన నగరాల్లో ఉన్నాయి. ఆ నీరూ లాగేస్తే అవి ఎండిపోతాయి.

లెక్కలు ఎవరూ దాచకపోతే ఈ చర్చలో సగం అవసరం ఉండేది కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు ది డాల్స్ అనే చిన్న ఊళ్ళో గూగుల్ ఎంత నీరు వాడుతోందో చెప్పమని ఒక పత్రిక అడిగితే, వ్యాపార రహస్యమంటూ ఊరి పాలకులే పత్రిక మీద దావా వేశారు. చివరికి 2022 డిసెంబర్‌లో దిగివచ్చారు. 2021లో ఊరి నీటిలో నాలుగో వంతుకు పైగా ఆ ఒక్క కంపెనీకే వెళ్ళిందని అప్పుడు తెలిసింది.

చట్టాల గాలి ఎటు వీస్తోందో కూడా చూడాలి. అమెరికా సుప్రీంకోర్టు 2023 మేలో సాకెట్ కేసు తీర్పుతో, నదులతో పైకి కనిపించే సంబంధం లేని చిత్తడి నేలలను కేంద్ర చట్టం పరిధి నుంచి తప్పించింది. 2025 జులై 23న అధ్యక్షుడు ట్రంప్ డేటా సెంటర్ల అనుమతులు వేగంగా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చారు. వాగులు, చిత్తడి పూడ్చే పనులకు దేశమంతటికీ ఒకే అనుమతి సరిపోతుందేమో చూడమన్నదీ అందులో ఉంది. మన దగ్గర ఉత్తర్వు ఇవ్వాల్సిన అవసరమే లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో డేటా సెంటర్‌కి సొంత గడి లేదు. భవన నిర్మాణం కింద పోతుంది, భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. బొగ్గు విద్యుత్ కేంద్రం పెడితే ఊరంతా వచ్చి అడుగుతుంది. సర్వర్లు పెడితే అడగడానికి కుర్చీలు కూడా వేయరు.

కాబట్టి విశాఖ విషయంలో అడగాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. మూడు చోట్లకూ విడివిడిగా, నెలనెలా, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల నీటి లెక్క కావాలి. వదిలే నీరు ఏ గెడ్డలోకి వెళుతుందో దాని పేరుతో సహా కావాలి. రాత్రి కరెంటు ఏ కేంద్రం నుంచి వస్తుందో కావాలి. ఇవి ఒప్పందం మీద సంతకాలయ్యాక ఇచ్చేవి కావు, ముందే ఇవ్వాల్సినవి. రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థ ఉన్నదే ఇందుకు. దేశంలో రెండుంబావు హెక్టార్లు దాటిన చిత్తడి నేలలు 2,31,195 ఉన్నాయని ఉపగ్రహ లెక్క చెబుతోంది. వాటి హద్దులను నేల మీద సరిచూడమని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో రాష్ట్రాలను ఆదేశించింది కూడా. ఆ హద్దు రాళ్ళు ముందు పడాలి, కేంద్రం పునాది రాళ్ళు తర్వాత పడాలి.

అయితే 2017 చిత్తడి నేలల నిబంధనలు తీసి చదివితే ఒక మినహాయింపు కనిపిస్తుంది: తాగునీటికీ, సాగుకూ, ఉప్పు పండించడానికీ మనిషి కట్టుకున్న నీటి వనరులు ఆ నిర్వచనంలోకి రావు. ముడసర్లోవ తాగునీటి కోసం కట్టిన జలాశయం. ఆ నిబంధనల లెక్కలో అది చిత్తడి నేల కాదు.